అంకెల మధ్య ఒక అక్షరం

నలభై ఐదేళ్ళు నిండేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా ఊరి బడిలో చెప్పేది ఒడియా, మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. రెంటిలో ఏదీ నేర్చుకునే తీరిక లేకుండానే ఎనిమిదో ఏట చేపల గంప నెత్తికెత్తుకున్నాను. ఇచ్ఛాపురం నుంచి తెప్పించుకున్న ఒకటో తరగతి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేసరికి నా పెద్ద మనవరాలికి పాలపళ్ళు ఊడుతున్నాయి.

అక్షరాలు వచ్చాక కూడా ఈ సంగతి రాయలేదు. ఇందులో మా తమ్ముడు చేపలు పట్టే చోటు ఉంది. సముద్రంలో చేప దొరికే చోటు ఎవరికి వాళ్ళకి సొంతం. పొలానికైతే గట్టు ఉంటుంది, దీనికి నోరు మూసుకోవడం ఒక్కటే గట్టు. తను పడవ మీద ఉన్నన్నాళ్ళూ దాని గురించి ఎక్కడా ఎత్తనని వాడికి మాటిచ్చాను. పోయిన చలికాలంలో మోకాళ్ళు పట్టేసి పడవ అమ్మేశాడు. రాసుకుంటానురా అని అడిగితే, రాసుకో అన్నాడు. అయినా నేను దిక్కు వరకే రాస్తాను. కొండ గురుతు రాయను.

మాది ఛత్రపురం దగ్గర, మార్కండికి అవతలి తీరంలో చిన్న పల్లె. మా ఆయన పోయాక నేను పుట్టింటికి దగ్గరగా ఉందామని మళ్ళీ ఇక్కడికే వచ్చాను. మా చేపల సంఘానికి ఒడ్డున రేకుల షెడ్డు ఒకటి, దానికి రెండు వందల బారల వెనక పెంకుల ఆఫీసు ఒకటి ఉండేవి. రెండూ ఊడ్చి, నీళ్ళు పట్టి పెట్టడం నా పని. అప్పటికి మా ఊళ్ళోకి సెల్ ఫోన్లు రాలేదు. కంప్యూటర్లు మాత్రం వచ్చాయి. బరంపురంలో ఏదో ఆఫీసు వాళ్ళు వేలంలో అమ్మేసిన పాతవి రెండు సంఘం వాళ్ళు కొన్నారు.

ఆ రెంటి సంసారం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆఫీసులో ఉన్నదానికి దాచుకునే కడుపు ఉంది, చూపించే తెర లేదు. తెర మొదటి వర్షాకాలంలోనే కాలిపోయింది. షెడ్డులో ఉన్నదానికి తెర ఉంది, కీబోర్డు ఉంది, దాచుకునే కడుపు లేదు. ఈ తెర తీసుకెళ్ళి దానికి పెడదామంటే తీగ చివర ముళ్ళు వేరు, దాని కన్నాలు వేరు. అందుకని రెంటి మధ్యా స్తంభాల మీదుగా నల్ల కేబుల్ లాగారు. షెడ్డు కంప్యూటరు తనంతట తను లేవదు. రోజూ దాని నోట్లో ఒక ఫ్లాపీ పెట్టాలి. ఆ ఫ్లాపీ దాన్ని లేపుతుంది, కేబుల్ పట్టుకుని ఆఫీసు దాకా వెళ్ళమని చెబుతుంది, అక్కడి కడుపులో ఉన్నదాన్ని ఇక్కడి తెర మీదికి తెస్తుంది.

ఫ్లాపీ పెట్టి మీట నొక్కడం నా పనే. సంఘం లెక్కలు రాసే గుమస్తా పాత్రపూర్ దగ్గరి రైతు కుటుంబం మనిషి, నాకంటే ఐదారేళ్ళు చిన్న. వారమంతా ఆఫీసులోనే పడుకునేవాడు, తెల్లవారుజామున లేవడం ఆయనకు కష్టం. అందుకని నేను ముందే వెళ్ళి ఊడ్చి, యంత్రాన్ని లేపి పెట్టేదాన్ని. ఫ్లాపీ గరగరమనేది. తెర మీద వరుసలు ఒకదాని కింద ఒకటి పదకొండు వచ్చేవి. చివర మిగిలే గుర్తును బట్టి పని అయిందో లేదో తెలిసేది. కాటా వేలాడదియ్యడానికి రెండు కర్రలు ఆనించి మధ్యలో అడ్డకర్ర కట్టినట్టు గుర్తు మిగిలితే, లేచింది కానీ కేబుల్ అందలేదని. సగం పళ్ళు ఊడిన దువ్వెన లాంటి గుర్తు మిగిలితే ఆఫీసు అందిందని. కాటాకర్రలు పోయి దువ్వెన వచ్చేదాకా నేను కదిలేదాన్ని కాదు. ఒకటి ఏ, రెండోది ఎఫ్ అని తర్వాత తెలిసింది. నాకు వచ్చిన మొదటి రెండు అక్షరాలు అవే.

ఇక ఆ యంత్రంలో ఏముండేదంటే, ఏ పడవ ఎటు వెళ్ళిందో ఉండేది. మాలో బయలుదేరిన మనిషిని ఎక్కడికని అడగం. అడిగితే ఆ పని చెడుతుందని. సముద్రం మీదికి వెళ్ళేవాణ్ణి అసలే అడగం. పెళ్ళాం అడగదు, తల్లి అడగదు. వాళ్ళూ చెప్పరు, చెబితే చేపల చోటు పక్కవాడికి తెలిసిపోతుంది. అంతకుముందు ఒక ఏడు పడవ ఒకటి రాకపోతే ఎటు వెతకాలో తెలియక ఊరు ఊరంతా ఒడ్డునే కూర్చుంది. అప్పుడు సంఘం ఒక కట్టడి పెట్టింది. వెళ్ళే ప్రతివాడూ గుమస్తా చెవిలో మూడు మాటలు చెప్పాలి: దిక్కు, ఎన్ని బారల లోతు, ఒడ్డున ఏ గురుతుకు ఎదురు. గుమస్తా రాసుకుంటాడు, ఎవరికీ చెప్పడు. కాగితం మీద రాస్తే ఎవడో ఒకడు చూస్తాడని ఆ యంత్రంలో పెట్టించారు.

మా తమ్ముడు, మరో ముగ్గురు బుధవారం వేకువన వెళ్ళారు. మధ్యాహ్నానికి రావలసినవాళ్ళు పొద్దుగూకినా రాలేదు. ఒక్కోసారి చేప తగిలితే ఆగిపోతారు అనుకున్నాం. గురువారం తెల్లవారేసరికి దక్షిణపు గాలి లేచింది. ఆ రోజు వేటకు ఏ పడవా దిగలేదు. నేను రాత్రంతా తమ్ముడి ఇంట్లో, మా మరదలి దగ్గరే ఉన్నాను. తెల్లారగానే ఇద్దరం ఒడ్డుకు వచ్చాం.

వెతకడానికి మూడు పడవలు సిద్ధంగా ఉన్నాయి. వాటికి పెద్ద మా ఊరి ముసలి సరంగు. ఆయన లెక్క సూటిగా ఉండేది. ఉన్న చమురంతా కలిపితే ఒక దిక్కు వెళ్ళి రావడానికి సరిపోతుంది. రెండు దిక్కులకు చాలదు. ఇంకో మాట, పొద్దు నడినెత్తికి వచ్చేలోపే దిగాలి. ఆ తర్వాత గాలి కెరటాలు దాటనివ్వదు. ఎటు వెళ్ళాలో చెప్పమని గుమస్తాను అడిగాడు.

గుమస్తా తల పట్టుకున్నాడు. బుధవారం చీకట్లో ముప్పై మందికి పైగా వచ్చి చెవిలో చెప్పి వెళ్ళారు. తమ్ముడు వచ్చినట్టు గుర్తుందట, నలుగురని చెప్పినట్టు గుర్తుందట. దిక్కు మాత్రం దక్షిణమని అన్నట్టే అనిపిస్తోందట, అది అంతకుముందు రోజుదో ఏమో తెలియదట. యంత్రం చూస్తే క్షణంలో తెలిసిపోతుంది, ఫ్లాపీ పట్టుకురమ్మన్నాడు.

ఫ్లాపీలు ఉప్పుగాలికి, ఎలుకలకు పాడవుతాయని నేను ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టేదాన్ని. ఒకటి రోజూ వాడేది, ఒకటి దాని జోడు. ముందుది పెట్టి మీట నొక్కాను. గరగర మొదలైంది, ఆగింది. తెర మీద ఒకే ఒక్క వరుస వచ్చింది, నేను ఎన్నడూ చూడని వరుస. ఇంకేమీ రాలేదు. గుమస్తా తీసి తుడిచి మళ్ళీ పెట్టాడు. అదే. జోడు తెమ్మన్నాడు. అదీ అంతే.

డబ్బా ఇలా తెమ్మని చెయ్యి చాపాడు. మూత తీసి చూసి, లోపల అడుగుకు అంటుకుని ఉన్నదాన్ని గోటితో కొట్టాడు.

"ఇదేటప్పా?" అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటాం.

అది అయస్కాంతం. పాడైన లౌడ్‌స్పీకరు లోంచి తీసింది, అరచేతంత. మా తీరంలో ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. ఇసకలో గాలాలు రాలితే కంటికి కనపడవు, కాలికే కనపడతాయి. అందుకని తాడు కట్టి ఇసక మీద లాగుతాం. నల్ల ఇసకంతా దానికి గడ్డంలా వేలాడుతుంది, దాంట్లో గాలాలు ఉంటాయి. బుధవారం సాయంత్రం షెడ్డులో గాలాల తాళ్ళు విప్పారు, పిల్లలు ఉత్తి కాళ్ళతో తిరుగుతారని నేల మీద రెండుసార్లు లాగాను. మనసంతా తమ్ముడి పడవ మీద ఉంది. లాగాక దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, పోకుండా ఉంటుందని ఫ్లాపీల డబ్బాలో వేసి మూత పెట్టాను.

ఆ సంగతి చెప్పాను. గుమస్తా డబ్బా పక్కన పెట్టాడు. అయస్కాంతానికీ ఫ్లాపీకీ పడదని, పక్కన పెడితే రాసిందంతా చెరిగిపోతుందని మెల్లిగా చెప్పాడు. ఆఫీసు కడుపులో మీ తమ్ముడి వరుస భద్రంగానే ఉంది, దాని దగ్గరికి వెళ్ళే దారే పోయింది అన్నాడు. అప్పుడు గుమ్మంలో మా మరదలు నిలబడి ఉంది. చంటిది చంకలో ఉంది. ఏమయిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే గుమస్తా అందుకుని, రాత్రి కరెంటు ఎక్కువ తక్కువ అయింది కదా, పాడు చేసింది అన్నాడు. నేను ఊరుకున్నాను.

ఎస్టీడీ బూత్ నుంచి ఆయన బరంపురం ఫోను చేశాడు. కొత్త బస్టాండు దగ్గర ఈ యంత్రాలు బాగుచేసే మనిషి ఒకాయన ఉండేవాడు, ఆ ఫ్లాపీ చేసిచ్చింది ఆయనే. అదృష్టం కొద్దీ దొరికాడు. యంత్రాన్ని లేపే ఫ్లాపీ ఇంకోటి చేసి, కేబుల్‌కు కావలసినవన్నీ అందులో పెట్టి, తొమ్మిదింటి బస్సు కండక్టరుకు ఇస్తానన్నాడు. ఒక్కటి మాత్రం తనకు గుర్తులేదన్నాడు. కేబుల్ తగిలించే కార్డు ఏ నంబరు మీద కూర్చుందో ఒక వరుసలో రాయాలి. అది తప్పితే యంత్రం ఆ వరుస దగ్గరే బిగుసుకుపోతుంది. మామూలుగా మూడు వందల మీద పెడతాను, కాకపోతే మూడు వందల ఇరవై, మూడు వందల నలభై, ఒకదాని తర్వాత ఒకటి వేసి చూడు అన్నాడు. లేకపోతే పెట్టె విప్పు, కార్డు మీద చిన్న ముళ్ళు ఉంటాయి, వాటి పక్కన రాసి ఉంటుంది అన్నాడు. గుమస్తా పెట్టె విప్పాడు. మా గాలికి ఆ ముళ్ళన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, పక్కన రాసింది ఏమీ మిగల్లేదు.

బస్సు ఆగే రోడ్డు ఊరికి మైలున్నర. నేనూ మరదలూ వెళ్ళాం. చంటిదాన్ని పక్కింటి వాళ్ళకు ఇచ్చి వచ్చింది. దారిలో సరుగుడు తోట దాటాం. గాలికి ఆ తోట ఒకటే హోరు. ఇక దాచలేకపోయాను. కరెంటు కాదు, నేనే అని మొత్తం చెప్పాను. చెప్పి, తిడుతుందని ఆగాను. అది ఆగలేదు, నడుస్తూనే ఉంది.

"ఎటెల్తన్నావని ఆణ్ణి నానడగనేదు," అంది చివరికి. "గుమ్మంలో ఎదురుగానే ఉన్నాను, అడగనేదు. నివ్వు అయస్కాంతం పెట్టీసినావు, నాను నోరు ముయ్యీసినాను. ఎవలు పాడు సేసినారని సెప్తాం వదినా. నడు, బస్సు ఎల్లిపోతాది."

బస్సు పదింబావుకు వచ్చింది. కండక్టరు ఒడియా అతను, రోజూ మా దారినే వచ్చేవాడు. ఒడియా పేపర్లో చుట్టిన పొట్లం డ్రైవరు ముందు నుంచి తీసి ఇచ్చాడు. ఎక్కడ పెట్టావు దీన్ని అని అడిగాను. పాటల పెట్టె మీద, జారకుండా అన్నాడు. పాటల పెట్టెలో ఏముంటుందో నాకు తెలుసు. నా అయస్కాంతం అలాంటి దాంట్లోంచి తీసిందే. మరదలికి మాత్రం చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పొట్లాన్ని రొమ్ముకు ఆనించుకుని ఇంచుమించు పరిగెత్తాను. ఎండ నెత్తికి ఎక్కుతోంది.

షెడ్డు నిండా జనం. గుమస్తా ఫ్లాపీ పెట్టి మీట నొక్కాడు. గరగర మొదలైంది, ఆగలేదు. వరుసలు వచ్చాయి. చివర కాటాకర్రలు వచ్చి నిలబడ్డాయి. లేచింది. ఇక కేబుల్ అందాలి. గుమస్తా కార్డు నంబరు వేసే వరుస తెరిచి మూడు వందలు వేసి మళ్ళీ మొదటి నుంచి లేపాడు. ఒక్కోసారి లేవడానికి దాదాపు మూడు నిమిషాలు. ఐదో వరుస దగ్గర బిగుసుకుపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆర్పి, మళ్ళీ లేపి, మూడు వందల ఇరవై వేశాడు. బిగుసుకుపోయింది. మూడు వందల నలభై. అదీ అంతే. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది.

ముసలి సరంగు గుమ్మానికి వచ్చి లోపలికి చూశాడు.

"ఆ డబ్బాకి సెప్పినోడు ఇంట్లో పెళ్ళానికి సెప్పుకుంటే ఏటి పోను? ఇంక నానాగను. గుమస్తా బాబూ, దక్షిణమన్నావు కదా, దక్షిణమే ఎల్తాం."

గుమస్తా మళ్ళీ మీటల మీదికి వంగాడు. సరంగు వెళ్ళిపోయాడు. పడవల కింద దుంగలు వేసే చప్పుడు వినపడింది. మరదలు ఒకసారి నా వైపు చూసి, ఒడ్డు వైపు వెళ్ళింది.

నేను తెర వంక చూస్తూ నిలబడ్డాను. ఆ ఐదో వరుసలో ఏదో తేడా ఉంది. రోజూ చూసిన దానికీ దీనికీ పోలిక లేదు. అంకెలు నాకు తెలుసు. చేపలమ్మే మనిషికి అంకెలు రాకుండా జరగదు, బస్సు నంబర్లు, కాటా ముల్లు చూసి నేర్చుకున్నాను. రోజూ వచ్చే ఆ వరుసలో మూడు ఉండేది కాదు. రెండు ఉండేది. దాని పక్కన అంకె ఉండేది కాదు. కాటాకర్రలు ఉండేవి.

ఆ మాట అన్నాను. గుమస్తా తల తిప్పకుండానే విసుక్కున్నాడు. "అంకెల్లో అచ్చరం ఉండదప్పా. నంబరంటే నంబరే. నివ్వు కిందనున్న గుర్తు సూసి ఉంటావు."

ఆ యంత్రాల లెక్కలో తొమ్మిది దాటాక అక్షరాలే అంకెలవుతాయని ఆయనకూ తెలియదు. నేను చదువుకోలేదు కాబట్టి, అంకెల మధ్య అక్షరం ఉండకూడదని నాకు తెలియదు. నాకు తెలిసింది అక్కడ ఉండేదని. నోటితో చెప్పి నమ్మించలేనని అర్థమై, నేల మీద కూర్చున్నాను. షెడ్డులో ఎప్పుడూ పల్చగా ఇసక పరుచుకునే ఉంటుంది. వేలితో గీయడం మొదలుపెట్టాను. మొదటి వరుస, రోజూ ఎలా వచ్చేదో అలా. రెండో వరుస. ఏమిటో తెలియదు, కానీ ఎక్కడ పొడుగు గీత ఉంటుందో, ఎక్కడ గుండ్రం, ఎక్కడ రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి ఉంటాయో తెలుసు. ఏడాదికి పైగా రోజూ చూశాను. దువ్వెన వచ్చేదాకా నాకు చూడడానికి ఇంకేముంది.

మూడో వరుస గీస్తుండగా గుమస్తా కుర్చీ వెనక్కి జరిపాడు. వంగి నేల వంక చూస్తున్నాడు. నేను గీసినవి ఆయన పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. నాకు గీతలైనవి ఆయనకు మాటలవుతున్నాయని అప్పుడు తెలిసింది. నాలుగు. ఐదు. రెండు గీశాను, కాటాకర్రలు గీశాను, సున్న గీశాను.

"ఇక్కడ," అన్నాను.

"పై నాలుగూ సరిగ్గా గీసినావు," అన్నాడు నెమ్మదిగా. "అంటే ఇదీ..."

మాట పూర్తి చెయ్యకుండానే కుర్చీ లాక్కుని ఆ వరుస తెరిచాడు. రెండు, ఏ, సున్న. ఆర్పాడు, లేపాడు. ఆ మూడు నిమిషాలూ నేను ఒడ్డు వైపు చెవి పెట్టి ఉన్నాను. దుంగల చప్పుడు ఆగింది. పడవ నీళ్ళు తాకింది. మొదటి పడవ మోటారు దగ్గింది, అందుకోలేదు. మళ్ళీ దగ్గింది. తెర మీద ఐదో వరుస వచ్చింది, దాటింది. ఆరు. ఏడు. మోటారు అందుకుంది. పది. పదకొండు. కాటాకర్రలు ఒక్క క్షణం నిలబడి, మాయమయ్యాయి. దువ్వెన వచ్చింది.

గుమస్తా తొందరలో రెండుసార్లు తప్పు మీట నొక్కాడు. బుధవారం పట్టీ తెర మీదికి వచ్చింది. కిందికి, కిందికి, మా తమ్ముడి పడవ నంబరు దగ్గరికి వచ్చాడు. చూశాడు. లేచి గుమ్మంలోకి పరిగెత్తి, ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి ఒడ్డంతా వినపడేలా కేకేసి చదివాడు. దక్షిణం కాదు, ఉత్తరం. ఇన్ని బారలు. ఫలానా కొండ కొసకు ఫలానా స్తంభం ఎదురు. కేకేసి మళ్ళీ అదే చదివాడు.

మరదలు అప్పటికే మొలలోతు నీళ్ళలో ఉంది. కదిలిన పడవను ఆపాలని దాని తాడు పట్టుకుని వేలాడుతోంది. సరంగు విన్నాడు, చెయ్యి ఎత్తాడు. మూడు పడవలూ ముక్కు ఉత్తరానికి తిప్పాయి. కెరటాలు దాటేటప్పుడు రెండోది నిట్టనిలువుగా లేచింది, పడిపోయిందనే అనుకున్నాను. తర్వాత మూడూ కనపడ్డాయి, చిన్నవై పోయాయి.

ఆ మధ్యాహ్నం గురించి రాయడానికి ఏమీ లేదు. ఎవరూ వండలేదు. గుమస్తా యంత్రం ఆర్పడానికి భయపడి దాని ముందే కూర్చున్నాడు. మరదలు తడిచీరతోనే ఇసకలో కూర్చుంది. గాలి ఇంకా పెరిగింది. దిక్కు సరైనదే అయినా, అక్కడ వాళ్ళు ఉండి ఉండాలి కదా. కొట్టుకుపోతే ఆ మూడు మాటలకు విలువ లేదు. అది నేనూ అనలేదు, మరదలూ అనలేదు.

పొద్దు వాలేటప్పుడు నాలుగు పడవలు కనపడ్డాయి. లెక్కపెట్టింది మరదలే. నాలుగు అంది, ఇంకేమీ అనలేదు. మోటారు ఇరుసు విరిగిందట. నాలుగు తాళ్ళు ముడేసి రాయి కట్టి లంగరు దించి, ఆ చోటు వదలకుండా రాత్రంతా నీళ్ళు తోడుకుంటూ ఉన్నారట. తాడు ఒరుసుకుని తమ్ముడి అరచేతులు చీరుకుపోయాయి. నలుగురూ నడిచే దిగారు.

మంచినీళ్ళు తాగాక, చేతులకు పసుపు కట్టించుకుంటూ, మమ్మల్ని ఎలా కనుక్కున్నారని అడిగాడు తమ్ముడు. ఎవరో చెప్పారు, గుమస్తా గుమ్మంలో నిలబడి చదివాడని. వాడు చేతులు వెనక్కి లాక్కున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"తెచ్చినావు అప్పా, బాగున్నాది. మా నాన్న నాకొక్కడికే సూపించిన సోటది. ఊరందరికీ పంచీసినారు. నివ్వే సదివుంటే నీ కడుపులోనే ఉండును."

చావు నుంచి వచ్చిన మనిషి అలా అంటాడా అని మరదలు ఏడ్చింది. నాకు కోపం రాలేదు. ఆ చోటు వాడికి రేపటి అన్నం. ఇవాళ బతికినవాడికి రేపు ఉంటుంది.

మర్నాడు గాలి తగ్గింది. చీకటి ఉండగానే వెళ్ళి షెడ్డు ఊడ్చాను. కొత్త ఫ్లాపీ పెట్టి యంత్రాన్ని లేపాను, దువ్వెన వచ్చింది. గుమస్తా వచ్చి కూర్చున్నాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మగవాళ్ళు వచ్చారు. ఎప్పటిలాగా ఒకరి తర్వాత ఒకరు వంగి చెవిలో చెప్పలేదు. గుంపుగా నిలబడ్డారు. దిక్కు చెప్పమంటే మొదటివాడు, "సముద్రంలోకి," అన్నాడు. వెనకున్నవాళ్ళు నవ్వారు. రెండోవాడూ అదే అన్నాడు. ఎన్ని బారలంటే, మునిగినన్ని అన్నాడు. గుమస్తా తల దించుకున్నాడు. తప్పు ఆయనదని ఆయనకు తెలుసు, నాదని నాకు తెలుసు. ఇలా అయితే ఇంకో పడవ రాని రోజున యంత్రం లేచినా దాంట్లో ఏమీ ఉండదు.

నేను చీపురు తీసుకుని బయటికి వెళ్ళాను. గుమ్మం నుంచి పది బారలు కొలిచి, చీపురు కర్రతో ఇసకలో అడ్డంగా గీత గీశాను. మళ్ళీ లోపలికి వచ్చి తెర గోడ వైపు తిప్పించాను, గుమస్తాకు తప్ప ఇంకెవరికీ కనపడకుండా. గుంపు ముందు నిలబడి, అందరూ గీత అవతలికి పొమ్మన్నాను. ముందువాడు చెప్పి తిరిగి వచ్చేదాకా రెండోవాడు గీత దాటడానికి లేదు. గుమస్తా ఇకపై గుమ్మంలోకి వచ్చి ఏదీ చదవడు. పడవ రాకపోతే సరంగు ఒక్కడే లోపలికి వచ్చి చూస్తాడు.

"నీకేటి అధికారమే?" అని ఒకడు అడిగాడు.

"ఊడ్సేది నాను," అన్నాను. "నీ పెళ్ళాం నడుంలోతు నీళ్ళలో తాడట్టుకుని ఏలాడితే నానే సూడాల. ఎనక్కి నడు."

వెనక్కి జరిగారు. సముద్రంలోకి అన్న మొదటివాడు కాసేపు తటపటాయించి, ఒక్కడే వచ్చి గుమస్తా చెవి దగ్గరికి వంగాడు. నేను గీత దగ్గరే నిలబడ్డాను, చీపురు అడ్డం పెట్టుకుని. ఆరేడు పడవల వాళ్ళు ఆ రోజు ఉత్తరానికే వెళ్ళారని నాకు తెలుసు, వాళ్ళ మొహాలు చూస్తేనే తెలిసింది. దానికి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. తమ్ముడు కట్టు కట్టిన చేతులతో వచ్చాడు. పడవ మోటారు విరిగి ఉన్నా వచ్చాడు. గుంపును తప్పించుకుని, లోపల ఎవరు ఏమి చెబుతున్నారో చూడాలని నా పక్కగా అడుగు ముందుకేశాడు. వాడి ఛాతీ మీద చీపురు ఆనించి, వాణ్ణి కూడా గీత అవతలే నిలబెట్టాను.